తాళం వేసిన ఇంటి ముందు ముగ్గు

మా వీధిలో ఒక ఇంటికి తొమ్మిదేళ్లుగా తాళం వేసి ఉంది. ఇంటివాళ్లు అమెరికాలో ఉంటారు. గేటు అడుగున తుప్పు పట్టింది. కాంపౌండు గోడ పగుల్లో మొలిచిన రావిమొక్క నా భుజమెత్తు పెరిగింది. పోస్టు డబ్బాలో ఎవరివో పాత శుభలేఖలు వానకు తడిసి, ఎండి, అట్ట కట్టుకుపోయాయి. అయినా తెల్లారేసరికి ఆ గేటు ముందు ముగ్గు ఉంటుంది. వేసేది పక్కింటి మామ్మగారు. ఎనభై దాటిన మనిషి. ముందు తన వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, నాలుగు చుక్కల ముగ్గు పెడతారు. ఆ తర్వాత చీపురూ, బకెట్టూ, ముగ్గు డబ్బా ఒక్కొక్కటే జరుపుకుంటూ పది అడుగులు పక్కకు వెళ్లి, తాళం వేసిన గేటు ముందు మళ్లీ మొదటినుంచీ మొదలుపెడతారు. బాల్కనీలో కాఫీ గ్లాసు పట్టుకుని రోజూ చూస్తుంటాను. చూసి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేను. ఎవరు తొక్కుతారని ఆ ముగ్గు? ఎవరు ఆటో దిగి గేటు తీస్తారని? పోనీ, వెళ్లి అడగొచ్చు. అడగలేదు. అడిగితే పెద్దావిడ కంటతడి పెడతారేమోనని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తోంది, కారణం అంత మర్యాదస్తుల కారణం కాదేమోనని. ఆ ముగ్గు చుట్టూ నేనొక ఎదురుచూపు కథ అల్లుకున్నాను. అడిగితే ఆ కథ ఎక్కడ పాడైపోతుందోనని నా బెంగ.

ఆ కథలోకి మామ్మగారితో పాటు ఒక పక్షి కూడా వచ్చి చేరింది. నేను చూడని పక్షి. చూడ్డానికి దాదాపు ముప్పై ఏళ్లు ఆలస్యంగా వెళ్లాను.

మావాడు స్కాట్లండ్‌లో, అబర్దీన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ల కిందట జూన్‌లో వెళ్లినప్పుడు, “నాన్నా, నీకొక చోటు చూపిస్తాను, అక్కడ ఏమీ ఉండదు” అన్నాడు. ఏమీ లేని చోటు చూడ్డానికి ఇంత ఖర్చా అని వాళ్లమ్మ అడిగింది. సముద్రమంటే ఆవిడకి వాంతులు, కనుక రానంది. సాయంత్రం అబర్దీన్‌లో ఓడెక్కితే పొద్దున్నకి షెట్లాండ్ దీవుల్లో లెర్విక్ రేవు. అక్కణ్ణుంచి కారు, ఒక చిన్న ఓడ, యెల్ అనే దీవి, మళ్లీ కారు, మళ్లీ ఒక చిన్న ఓడ. అప్పుడొచ్చింది అన్‌స్ట్. బ్రిటన్‌లో జనం కాపురముండే దీవుల్లో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నది అదే. చెట్లు దాదాపు లేవు. బోదగడ్డి, పీటు నేల, గొర్రెలు, నడుమెత్తు పొట్టి గుర్రాలు. దారిలో ఒక బస్సు షెల్టర్ దగ్గర మావాడు కారు ఆపాడు. లోపల సోఫా, కిటికీకి తెరలు! ఆ షెల్టర్ తీసేస్తారని తెలిసి 1996లో ఒక బళ్లో చదివే కుర్రాడు పత్రికకి ఉత్తరం రాశాడట. షెల్టర్ నిలిచింది. ఆ తర్వాత ఊళ్లోవాళ్లు దాన్ని ఇంట్లో గదిలా అలంకరించడం మొదలుపెట్టారు, అప్పుడప్పుడూ ఆ అలంకరణ మారుస్తారు. బస్సులే అరుదైన చోట ఆ తెరలు ఎవరి కోసం ఉతుకుతారో! అప్పుడు నవ్వుకుని వచ్చేశాను. అది నవ్వి వదిలేసే విషయం కాదని చాలాకాలానికి గానీ తట్టలేదు.

అన్‌స్ట్‌కి వాయవ్యాన సముద్రంలోకి పొడుచుకువచ్చిన కొండ పేరు హెర్మనెస్. ‘నెస్’ పాత నార్స్ మాట, ముక్కు అనే మాటకి చుట్టం. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి. మా రేవుకి అడ్డంగా నిలబడ్డ యారాడ కొండని తెల్లవాడు డాల్ఫిన్స్ నోస్ అన్నాడు, మేమూ అదే అంటున్నాం. సముద్రంలోకి దూరిన భూమిని చూస్తే మనిషికి ఎక్కడైనా ముక్కే గుర్తొస్తుంది కాబోలు. మరి ఆ భాష అక్కడికెలా వచ్చిందంటే, ఆ దీవులు శతాబ్దాల పాటు నార్వే చేతిలో ఉండేవి. డెన్మార్క్, నార్వేలనేలే రాజు తన కూతుర్ని స్కాట్లండ్ రాజుకిస్తూ, ఒప్పుకున్న కట్నం ఇచ్చుకోలేక 1469లో షెట్లాండ్‌ని తాకట్టు పెట్టాడు. తాకట్టు విడిపించుకోవడం వాళ్లవల్ల కాలేదు. కట్నం బాకీ కింద దీవులు పోవడం చదివి మన ఇళ్లలో ఎకరాలు పోయిన కథలు తలుచుకున్నాను. రాజైనా ఆడపిల్ల తండ్రి ఆడపిల్ల తండ్రే.

బీడు నేల మీద చెక్కలు పరిచిన బాట వేశారు. ఆ బాట మీద నడుస్తుంటే గోధుమరంగు పక్షులు తలమీదికి దూకుతాయి. గ్రేట్ స్కువా అంటారు, అక్కడి మాటలో బాంక్సీ. గూళ్ల దగ్గరికి వచ్చామని కోపం. అవి మన ఒంట్లో అన్నిటికన్నా ఎత్తున్న చోటునే కొడతాయి కనుక కర్ర పైకెత్తి పట్టుకుని నడవాలి. మా దగ్గర కర్ర లేదు. మావాడు మడిచిన గొడుగుని ధ్వజస్తంభంలా నిలబెట్టి ముందు నడిచాడు, వెనకాల నేను. 1831 నాటికి ఆ కొండ మీద ఈ పక్షులు మూడే జతలు మిగిలాయి. ఎడ్మన్‌స్టన్ అనే స్థానిక కుటుంబం కాపాడ్డం మొదలుపెడితే వందల జతలయ్యాయి. మళ్లీ 2022 ప్రాంతంలో బర్డ్ ఫ్లూ వచ్చి, బ్రిటన్‌లో లెక్క తీసిన చోట్ల ముప్పావు వంతు ఊడ్చిపెట్టుకుపోయింది. దాదాపు రెండు శతాబ్దాలు పట్టిన పని రెండు మూడు వేసవుల్లో తుడిచిపెట్టుకుపోయిందన్నమాట. మేం వెళ్లినప్పుడు మా గొడుగు మీదికి వచ్చినవి రెండే.

కొండ అంచు కనబడకముందే వాసన వచ్చింది. భీమిలి ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టిన చోట నిలబడ్డట్టు. తర్వాత చప్పుడు: సంతలో వందమంది ఒకేసారి బేరమాడుతున్నట్టు. ఆ తర్వాత నా కాళ్ల ముందు నేల అయిపోయింది. అక్కడి కొండచరియలు 170 మీటర్ల దాకా ఉంటాయి, యాభై అంతస్తుల మేడంత. పొట్ట మీద పడుకుని తల ఒక్కటి బయటపెట్టి చూశాను. కింద, మధ్యన, పైన, ప్రతి అరుగు మీదా తెల్లగా గానెట్లు. తలకి లేత పసుపు పూసుకున్నట్టు ఉంటుంది, రెక్కల కొసలు సిరాలో ముంచినట్టు నలుపు. రెక్కలు ముడిచి బాణంలా సముద్రంలోకి దూకి చేపతో లేస్తాయి. గూళ్లలో సముద్రపు నాచుతో పాటు నీలం, నారింజ నైలాన్ తాళ్ల ముక్కలు కనిపించాయి. వలల నుంచి తెగిపోయినవి. ఏది దొరికితే దాంతో ఇల్లు. అవి కూడా అక్కడ అనాదిగా ఉన్నవి కావట, 1917లో మొదటిసారి గూడు కట్టాయట. ఇప్పుడు వేల జతలు. కాపురం పాతబడితే ఎవరైనా ఊరివాళ్లే అవుతారు.

ఆ గుంపు మధ్యకి 1972లో ఒక పరాయి పక్షి వచ్చింది. నల్లకనుబొమల ఆల్బట్రాస్. చెదిరిన కాటుకలా కంటి మీద నల్లని గీత, రెక్కలు చాస్తే ఎనిమిదడుగుల దాకా. దాని పుట్టిల్లు భూగోళానికి అటు కొసన, ఫాక్‌లాండ్, దక్షిణ జార్జియా దీవుల వైపు. దగ్గర దగ్గర 12 వేల కిలోమీటర్లు. 1960లలో స్కాట్లండ్ తూర్పు తీరాన బాస్ రాక్ మీద కనిపించిందీ ఇదేనంటారు. ఏ గాలి తరిమిందో, ఎలా భూమధ్యరేఖ దాటిందో! ఆల్బట్రాస్ రెక్కలు పెద్దగా ఆడించదు, అలల మీది గాలిని ఎక్కి తిరుగుతుంది. భూమధ్యరేఖ పొడుగునా గాలి చచ్చుబడిపోయే పట్టీ ఒకటుంది. గాలి లేకపోతే దానికి దారి లేదు. ఒక్కసారి ఇటు పడ్డాక తిరిగి వెళ్లడం కష్టమని అంటారు. ఇటు పడ్డది దక్షిణ సముద్రానికి వెళ్లలేదు, గానెట్లలో కలవలేదు. ఆల్బర్ట్ అని పేరు పెట్టారు. అది దాదాపు ప్రతి ఏడాదీ ఎండలు ముదిరే వేళకి హెర్మనెస్‌కి వచ్చేది. గూడు కట్టేది. జతకట్టడానికి తన జాతి పక్షి ఒక్కటి కూడా లేని ఆ కొండ మీద, ఆ గూట్లో కూర్చునేది. 1995 దాకా.

ఇరవై మూడేళ్లు! ఎక్కడెక్కడి నుంచో పక్షుల పిచ్చివాళ్లు ఓడలు మారి వచ్చి దాన్ని చూసి జాలిపడి వెళ్లేవారట. చరియ అంచున పడుకుని నేనూ పడ్డాను జాలి, అది లేని ఆ అరుగుల్ని చూస్తూ. మేఘసందేశంలో యక్షుడికి శాపం ఒక్క ఏడాదే. గడువు తెలుసు, భార్య ఉన్న ఊరు తెలుసు, కబురు మోయడానికి మబ్బు దొరికింది. ఈ పక్షికి గడువు లేదు, చిరునామా లేదు. ఇంతకన్నా పెద్ద విరహం ఎవరు రాయగలరు అనుకున్నాను. వెంటనే ఒక అనుమానం. విరహమని ఎవరు చెప్పారు? అదా, నేనా? ఇరవై మూడేళ్లలో అది ఎన్ని చేపలు తిన్నదో, ఎన్ని గాలుల మీద ఊగిందో ఎవరికీ లెక్కలేదు. గూట్లో ఒంటరిగా ఉన్న ఫోటోలే మిగిలాయి, ఎందుకంటే ఫోటో తీసేవాళ్లకి అది అక్కడే దొరికేది. ఇదే జాతి పక్షి ఇంకొకటి 2021, 2022 వేసవుల్లో ఇంగ్లండు తూర్పు తీరాన బెంప్టన్ చరియల మీద గానెట్ల మధ్య కనిపిస్తే జనం మళ్లీ బారులు తీరారు. జాలి పడ్డానికి మనకి ఎప్పుడూ ఒక పక్షి కావాలేమో.

అదే చోట మరో ఎదురుచూపు కూడా ఉంది. హెర్మనెస్ నుంచి చూస్తే సముద్రంలో పళ్లు బయటపెట్టినట్టు రాళ్ల వరస కనిపిస్తుంది. అన్నిటికన్నా చివరిది అవుట్ స్టాక్ అనే బోడి గుండు. దానికవతల ఉత్తర ధ్రువం దాకా నేల లేదు. 1849లో జేన్ ఫ్రాంక్లిన్ అనే ఆవిడ అన్‌స్ట్‌కి వచ్చింది. భర్త సర్ జాన్ ఫ్రాంక్లిన్ 1845లో రెండు ఓడలు తీసుకుని ఆర్కిటిక్ మంచులోకి వెళ్లి జాడ లేకుండా పోయాడు. ఆవిడ పడవలో ఆ గుండు దాకా వెళ్లి ఉత్తరానికి తిరిగి ప్రార్థించిందని చెబుతారు. అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది. 1847 జూన్‌లోనే పోయాడని రుజువు చేసే కాగితం దొరికింది మాత్రం 1859లో. మధ్యలో ఆవిడ సొంత డబ్బు పెట్టి వెతికే ఓడలు పంపింది. ఆ వెతుకులాటల్లో మనిషి దొరకలేదు గానీ, ఆర్కిటిక్ తీరాల పటం చాలావరకూ తయారైంది. ఎదురుచూపు వృథా అయిందనాలా, లేదనాలా? నాకు తేలలేదు. తేలకపోయినా మనసులో ఆవిణ్ణి ఆ పక్షి పక్కన కూర్చోబెట్టాను. వాళ్ల పక్కన మామ్మగారికి ముందే పీట వేసి ఉంచాను.

ఆ రాళ్లలోనే ఒకటి మకిల్ ఫ్లగ్గా. దాని గురించి ఆ ఊరి కథ భలే ఉంటుంది. హెర్మా, సాక్సా అని ఇద్దరు రాక్షసులు. ఒక మత్స్యకన్య కోసం కొట్టుకుని బండలు విసురుకున్నారు. వాళ్లు విసిరిన బండల్లో ఒకటే మకిల్ ఫ్లగ్గా. చివరికి ఆవిడ, “నా వెంట ఉత్తర ధ్రువం దాకా ఈదుకొచ్చినవాణ్ణే చేసుకుంటాను” అంది. ఇద్దరూ దూకారు. ఇద్దరికీ ఈత రాదు. మునిగిపోయారు. కొండ మాత్రం హెర్మా పేరున మిగిలింది. ఆ బండ మీద 1854లో హడావుడిగా ఒక దీపస్తంభం లేచింది. రష్యాతో యుద్ధం, ఉత్తరానికి వెళ్లే యుద్ధనౌకలకి దారి చూపించాలి. శాశ్వతమైన కట్టడంలో దీపం వెలిగింది 1858 జనవరి 1న. కట్టిన ఇంజనీర్లు డేవిడ్, థామస్ స్టీవెన్‌సన్ అన్నదమ్ములు. ఆ థామస్ కొడుకు 1869లో తండ్రితో పాటు ఈ దీవికి వచ్చాడు. తర్వాత ఆ కుర్రాడే ‘ట్రెజర్ ఐలండ్’ రాశాడు, మనకది నండూరి రామమోహనరావు గారి ‘కాంచనద్వీపం’. అందులోని దీవి పటానికి అన్‌స్ట్ పోలికలున్నాయని అక్కడివాళ్ల నమ్మకం. లైబ్రరీలో అట్టలూడిన ఆ పుస్తకాన్ని ఒక వేసవి సెలవంతా గుండెల మీద పెట్టుకు తిరిగిన పిల్లాడు అరవయ్యేళ్లు దాటాక ఆ నేల మీద నిలబడ్డాడని తెలిసి నా వెన్ను జలదరించింది. నిధి గోతులేమీ కనిపించలేదు. పఫిన్ పక్షులు తవ్వుకున్న బొరియలు కనిపించాయి.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది దీపం కాపలాదార్ల సంగతి. శాశ్వతమైన దీపం వెలిగాక 137 ఏళ్లు ఆ బండ మీద మనుషులున్నారు. కుటుంబాలు ఇవతలి ఒడ్డున, బర్రాఫర్త్ అనే చోట. గాలి ఒప్పుకుంటే పడవ వచ్చి మనుషుల్ని మార్చేది, ఒప్పుకోకపోతే లేదు. రాత్రికి ఎన్ని ఓడలు పోయేవి? కొన్ని రాత్రులు ఒక్కటీ పోయి ఉండదు. అయినా సాయంత్రమయ్యేసరికి అద్దాలు తుడిచి దీపం వెలిగించాలి. ‘ఈ రాత్రి ఎవరూ రారులే’ అనుకునే వెసులుబాటు ఆ ఉద్యోగంలో లేదు. 1995 మార్చిలో దీపాన్ని యంత్రానికి అప్పగించి ఆఖరి కాపలాదార్లు వెళ్లిపోయారు. ఆ వేసవే ఆల్బర్ట్‌కీ ఆఖరిది. రెండింటికీ సంబంధం ఏమీ లేదు. లేదని నాకూ తెలుసు. కానీ రాసేవాడికి ఇలాంటి తేదీలు కనబడితే కలపకుండా ఉండలేడు, అదొక జబ్బు.

తిరుగు ప్రయాణంలో, “చివరి దాకా చూసొచ్చాం కదరా” అన్నాను. మావాడు నవ్వి, షెట్లాండ్ వాళ్ల ముందు ఆ మాట అనకు అన్నాడు. బ్రిటన్ పటాల్లో కాగితం సరిపోదని షెట్లాండ్‌ని ఒక డబ్బాలో పెట్టి ఏదో మూల అతికించేవారట. ఆ డబ్బా మీద వాళ్లకెంత కోపమంటే, 2018లో వచ్చిన స్కాట్లండ్ దీవుల చట్టంలో ప్రభుత్వ పటాలు ఆ దీవుల్ని ఉన్న చోటే చూపించాలని రాయించుకున్నారు. చూపించలేకపోతే కారణం చెప్పాలి. బళ్లో మన దేశపటం గీసినప్పుడు అండమాన్‌ని కాగితం పట్టక డబ్బాలో పెట్టినవాణ్ణి నేను. కొన్నిసార్లు అసలు మరిచిపోయి మార్కులు పోగొట్టుకున్నవాణ్ణి. అండమాన్‌దీ వీళ్లదీ ఒకే బాధ. పటం గీసేవాడు తన బల్ల ముందు కూర్చుని చివర ఏదో తేలుస్తాడు. నేనూ బాల్కనీలో కూర్చుని చేస్తున్నది అదే కదా అని ఆ పూట తట్టలేదు. తట్టి ఉంటే బాగుండేది.

అక్కడ జూన్ రాత్రి చీకటి పడదు. ‘సిమ్మర్ డిమ్’ అంటారు, అర్ధరాత్రి కూడా మన అసుర సంధ్యలాంటి వెలుగు. నిద్ర పట్టక కిటికీ దగ్గర కూర్చుంటే మామ్మగారు గుర్తొచ్చారు. ఇంటికి వెళ్లాక ఎలాగైనా అడగాలనుకున్నాను. వచ్చాక ఏడాదిన్నర అడగలేదు.

మొన్న ధనుర్మాసంలో, పొద్దున్నే నడకకి వెళ్లి వస్తుంటే, ఆవిడ రెండో గేటు దగ్గరికి బకెట్టు ఎత్తలేక ఆగి ఉన్నారు. నేనందుకుని తీసుకెళ్లి పెట్టాను. ఊడ్చిన రావాకులు ఒక పక్కకి కుప్ప చేసి ఉన్నాయి. ఆవిడ నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని లేచారు. ఇక ఉండబట్టలేక అడిగేశాను. “మామ్మగారూ, ఈ ఇంటి ముందు రోజూ ముగ్గు ఎవరి కోసమండీ?”

ఆవిడ నన్ను, బుద్ధి తక్కువ పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. “ఎవరి కోసమేంటి బాబూ? ఊడవకపోతే వీళ్ల రావాకులన్నీ నా వాకిట్లోకే కొట్టుకొస్తాయి. ఊడ్చాక నీళ్లు చల్లకపోతే దుమ్ము. నీళ్లు చల్లాక ఉత్తినే వదిలేస్తామా?”

అంతే. కన్నీళ్లు లేవు, అమెరికా లేదు, ఎదురుచూపు లేదు. తొమ్మిదేళ్ల నా కథ రావాకుల కుప్ప పక్కన చేరింది. ఉత్తినే వదిలేస్తామా! నాచు దొరికే కాలం వచ్చింది, అరుగు ఖాళీగా ఉంది, ఉత్తినే వదిలేస్తుందా పక్షి? సాయంత్రమైంది, అద్దాలు తుడిచి ఉన్నాయి, దీపం పెట్టకుండా ఉత్తినే వదిలేస్తాడా కాపలాదారు? తెరలు మాసిపోయాయి, ఉతక్కుండా ఉత్తినే వదిలేస్తారా బస్సు షెల్టర్ వాళ్లు? వాళ్లలో ఎవరూ ఎవరికోసమూ దిగులుగా దారి చూస్తూ ఉండకపోవచ్చు. ఏదో ఒక పని ముందటి పని వెంట వచ్చి ఉంటుంది, చేసి ఉంటారు. దారి చూస్తూ కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. సముద్రం అవతల ఉన్న కొడుకు ఫోను కోసం, బాల్కనీలో, చల్లారిన కాఫీతో.

ఇదంతా ఆవిడకి ఎలాగైనా చెబుదామని నోరు తెరిచాను. “కాలు తీయి బాబూ, ముగ్గు తొక్కుతున్నావు” అన్నారు మామ్మగారు.

చూసుకుంటే నా చెప్పు కింద రెండు చుక్కలు చెరిగిపోయి ఉన్నాయి.